పెళ్ళిని ఆపకుండా పెళ్ళి ఫోటోలు తీయడం ఎలా?

నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ పెళ్ళికి పోయినా ఈ మాట వినపడుతుంది: "పంతులుగారూ, ఒక్క నిమిషం ఆగండి. మళ్ళీ ఒకసారి." అప్పుడే జీలకర్ర బెల్లం పెట్టి దించిన చేతులు మళ్ళీ లేస్తాయి. పుస్తె కట్టేసిన పెళ్ళికొడుకు మళ్ళీ ముడి పట్టుకొని కెమెరా వైపు చూస్తాడు. ఆ ఘడియ కోసం రెండు ఇళ్ళవాళ్ళు పంచాంగం చూపించుకున్నారు, గంటలు నిమిషాలతో సహా పత్రికలో అచ్చు వేయించారు. తీరా ఆ ఘడియ వచ్చాక పెళ్ళి ఫోటోగ్రాఫర్ చెప్పినట్టు నడుస్తుంది.

ఇలా కాకుండా, జరిగేదాన్ని జరిగినట్టే తీయాలని అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీకు కెమెరా పట్టడం వచ్చు, కొన్ని సీజన్లు ట్రెడిషనల్ ఫోటోలు తీశారు అనుకొని చెబుతున్నాను. డాక్యుమెంటరీ పద్ధతికి ఒకటే నియమం. ఫోటో కోసం పెళ్ళి ఆగకూడదు. దేన్నీ చెప్పి చేయించరు, జరిగినదాన్ని మళ్ళీ చేయించరు. ఆ నియమం నిలబడాలంటే ఏది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా జరగబోతుందో మీకు ముందే తెలియాలి. అందుకే ఈ పనిలో సగం పెళ్ళికి ముందే అయిపోవాలి.

1. పని ఒప్పుకునే ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళండి

స్టూడియోకు పిలిపించుకొని ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టడం కాదు, వాళ్ళ ఇంటికి వెళ్ళి ఒక గంట కూర్చోండి. మీరు తీసిన వాటిలో మంచివి ఏరి చూపించకండి. ఒకే పెళ్ళివి, మొదటి నుంచి చివరి వరకు, మొత్తం చూపించండి. పొద్దున పసుపు దంచడం నుంచి రాత్రి బరాత్ దాకా చూశాక కొందరు "ఇవే కావాలి" అంటారు, కొందరు "ఇందులో పోజులు లేవు కదా" అంటారు. రెండో మాట అన్నవాళ్ళను బలవంతంగా ఒప్పించవద్దు. వాళ్ళకు కావాల్సింది వేరే, అది బాగా తీసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు.

ఒక విషయంలో మాత్రం పట్టు విడవండి. మన దగ్గర స్టేజి మీద చుట్టాలందరితో ఫోటో లేకపోతే పెళ్ళి జరిగినట్టు లెక్క కాదు. బొంబాయిలోనో పుణెలోనో పని చేసుకుంటూ, రాత్రంతా బస్సులో కూర్చొని నారాయణపేటకో మక్తల్‌కో వచ్చిన మేనమామకు అక్షింతలు వేశాక ఒక ఫోటో కావాలి. అది ఆయన హక్కు. దాన్ని చిన్నచూపు చూసే ఫోటోగ్రాఫర్ ఎంత గొప్ప ఫోటోలు తీసినా నాకు నచ్చడు. స్టేజి ఫోటోలకు మీ టీమ్‌లో ఒక మనిషిని పెట్టండి, ఆ ఖర్చు రేటులో కలపండి. మీరు మాత్రం కింద తిరగండి.

ఆ గంటలోనే తేల్చుకోవాల్సినవి ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది వయసు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాయా? బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది, ఇలాంటి పెళ్ళిళ్ళు ఇంకా ఆగిపోలేదు. అనుమానం వస్తే ఆధార్ కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు. నిండలేదని తెలిస్తే అడ్వాన్స్ తీసుకోకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కు తేదీ అందరికంటే ముందు తెలుస్తుంది, కాబట్టి ఆ బాధ్యత మన మీద కూడా ఉంది.

రెండోది హక్కు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకొని ఒకరి కోసం ఫోటో తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, దానికి మొదటి హక్కుదారులు ఆ డబ్బు ఇచ్చినవాళ్ళే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడం మన ఇష్టం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు. ఏవి పెట్టవచ్చు, ఏవి పెట్టకూడదు అని కాగితం మీద రాసుకోండి. మంగళస్నానాల ఫోటోలు, ఏడుస్తున్న ఆడవాళ్ళ ఫోటోలు ఎవరి అనుమతి ఉన్నా నేను పెట్టను.

మూడోది డబ్బు. అడ్వాన్స్ ఎంత, పెళ్ళి రోజు ఎంత, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు ఎంత అనేది ముగ్గురి ముందు చెప్పండి, రాసి ఇవ్వండి. పెళ్ళి అయ్యాక ఆ ఇంట్లో డబ్బు ఉండదు. ఆల్బమ్ దగ్గర పెద్ద మొత్తం మిగుల్చుకుంటే అది మీకూ వాళ్ళకూ ఇబ్బందే.

2. చుట్టరికాలు రాసుకోండి

లెన్సుల కంటే ఇదే ముఖ్యం. ఒక నోట్‌బుక్ తీసుకొని ఇంటి ఆడవాళ్ళ దగ్గర కూర్చోండి. మగవాళ్ళు లగ్నం టైమ్, ఫంక్షన్ హాల్ పేరు చెబుతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ పని ఎవరు చేయాలో చెప్పేది అమ్మ, పెద్దమ్మ, మేనత్త.

ఇలా అడగండి: పిల్లను పెంచింది ఎవరు? చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పెరిగిందా? మేనమామలు ఎందరు, మట్టెలు ఎవరు తెస్తున్నారు? ఆడబిడ్డ ఎవరు? ఈ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేదా? ఎవరు ఎవరితో మాట్లాడుకోవడం లేదు? చివరి ప్రశ్న నెమ్మదిగా, ఒక్కరినే అడగండి. ఏళ్ళ తరబడి మాటలు లేని ఇద్దరు అన్నదమ్ములు చెల్లెలి పెళ్ళిలో పందిరి గుంజ దగ్గర ఎదురుపడతారు. అది తెలియని ఫోటోగ్రాఫర్‌కు వాళ్ళు ఊరికే నిలబడ్డ ఇద్దరు మనుషులు. తెలిసినవాడు అక్కడే ఆగి, ఒకరి చేయి ఇంకొకరి భుజం మీదికి పోతుందేమోనని చూస్తాడు.

భర్త పోయిన ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా తెలుసుకోండి. చాలా ఇళ్ళలో వాళ్ళు ఇప్పటికీ మండపం దగ్గరికి రారు, పసుపు కుంకుమల పనుల్లో చేయి పెట్టరు. పిల్లను ఎత్తుకొని పెంచిన నాయనమ్మ వంటింటి గడప దగ్గరో, వెనక కుర్చీల వరుస చివరో నిలబడి చూస్తుంది. స్టేజి ఫోటోల్లో ఆమె ఉండదు. ఆమెను ముందుకు రమ్మని మీరు పిలిస్తే ఆమెకే ఇబ్బంది. జీలకర్ర బెల్లం పెట్టిన తర్వాతి నిమిషంలో మీరే అటు తిరగండి. పాతికేళ్ళ తర్వాత ఆ ఇంటివాళ్ళు ముందుగా వెతుక్కునేది ఆ ఫోటోనే.

చుట్టాలు కాకుండా పెళ్ళి నడిపించేవాళ్ళు ఇంకొందరు ఉంటారు. ఐరేని కుండలు (పెళ్ళి కుండలు) రంగులు వేసి ఇచ్చే కుమ్మరి ఇంటి ఆడవాళ్ళు, మైలపోలు (పెళ్ళికి ముందు చేయించే స్నానం) దగ్గర గోళ్ళు తీసే మంగలి, బట్టలు పరిచే చాకలి, డప్పు కొట్టేవాళ్ళు, బగారా అన్నం వండేవాళ్ళు. వీళ్ళ పేర్లు కూడా రాసుకోండి. తరతరాలుగా వీళ్ళు లేకుండా మన ఊళ్ళలో పెళ్ళి లేదు, ఆల్బమ్‌లో మాత్రం వీళ్ళు ఉండరు. ఉండాలి.

3. పంతులుగారిని ముందు రోజే కలవండి

పెళ్ళి క్రమం ఇంటికో తీరు, కులానికో తీరు. కాళ్ళు కడగడం ముందా, జీలకర్ర బెల్లం ముందా? పుస్తె ఏ పక్క నుంచి కడతారు? హోమం ఉందా? కింద పీటలా, సోఫాలా? తలంబ్రాలు ఎక్కడ? ఇవి అడిగి, మీ మాట ఒకటి చెప్పండి: "అయ్యగారూ, నేను మిమ్మల్ని ఎక్కడా ఆపను. మీ తంతు మీరు నడిపించండి." ఏ ఫోటోగ్రాఫర్ నోటా ఆ మాట వినని పంతులుగారు సంతోషిస్తారు. తెర దించే ముందు మీ వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపు చాలు.

లగ్నం టైమ్ తెలిస్తే వెలుతురు తెలిసినట్టే. మన దిక్కు అభిజిత్ లగ్నాలు ఎక్కువ, అంటే మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తి మీద ఉంటుంది, బాసింగం నీడ కళ్ళ మీద పడుతుంది. అదే టైమ్‌కు ముందు రోజు అక్కడికి వెళ్ళి పందిరి కింద నిలబడి చూడండి.

యాదగిరిగుట్ట దగ్గరో, మన్యంకొండ మీదో, కురుమూర్తి దగ్గరో, చెరువుగట్టు కిందో పెళ్ళి అయితే గుడి ఆవరణలో కెమెరాకు అనుమతి ఉందో లేదో దేవస్థానం ఆఫీసులో ముందే అడగండి. గర్భగుడి దిక్కు కెమెరా ఎత్తకండి.

ముస్లింల నిఖా, తండాల్లో లంబాడాల పెళ్ళి, చర్చిలో పెళ్ళి అయితే మీకు తెలిసింది పక్కన పెట్టి ఆ ఇంటి పెద్దల దగ్గర మొదటి నుంచి నేర్చుకోండి. నిఖాలో ఆడవాళ్ళ వైపు ఫోటోలకు ఆడ ఫోటోగ్రాఫర్ ఉండాల్సిందే. నిజానికి ఏ పెళ్ళికైనా టీమ్‌లో ఒక ఆడమనిషి ఉంటే మంగళస్నానాల దగ్గర, పిల్లను తయారు చేసే గదిలో దొరికే ఫోటోలు వేరే.

4. సామాను తక్కువ పెట్టుకోండి

రెండు కెమెరాలు, ఒకదానికి 35 ఎంఎం, ఇంకోదానికి 85 ఎంఎం. రెండూ ఎఫ్ 1.8 ఉంటే చాలు. ఇరుకు ఇళ్ళ కోసం సంచిలో ఒక 24. పెద్ద జూమ్ లెన్స్ పట్టుకొని దూరం నుంచి తీస్తే మనుషులు మీకు దూరంగానే ఉంటారు. చిన్న లెన్స్‌తో దగ్గరగా, వాళ్ళలో ఒకరిగా నిలబడండి. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండింటిలోనూ ఒకేసారి రికార్డ్ అయ్యేలా పెట్టండి.

పొద్దున్నే రెండు కెమెరాల గడియారాలు కలపండి. ఫోన్‌లో టైమ్ కనిపించేలా పెట్టి రెండిటితో ఒక్కో ఫోటో తీసుకుంటే తర్వాత తేడా వచ్చినా సరిచేయవచ్చు. లేకపోతే తలంబ్రాల తర్వాత పుస్తె కట్టినట్టు ఫోటోలు కలిసిపోతాయి.

వైశాఖం, జ్యేష్ఠం పెళ్ళిళ్ళలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. కెమెరా, బ్యాటరీలు మూసిన కారులో వదలకండి. నీళ్ళు మీకూ కావాలి.

5. ముందు రోజు ఇంట్లో

నన్ను అడిగితే మన పెళ్ళిళ్ళలో అసలు ఫోటోలు ఫంక్షన్ హాల్లో కంటే ఇంట్లోనే ఎక్కువ దొరుకుతాయి. పసుపు దంచేటప్పుడు రోకలి పట్టుకున్న ఐదుగురు ఆడవాళ్ళ ముఖాలు, పందిరి వేసేటప్పుడు కొమ్మలు మోసుకొచ్చే తమ్ముళ్ళు, మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్ళి ఐరేని కుండలు తెచ్చే ఊరేగింపు. తల మీద పందిరిలా పట్టే ఉల్లెడ గుడ్డ నాలుగు కొసలు పట్టుకొని నడుస్తుంటే కింద ఆడవాళ్ళ ముఖాల మీద పడే మెత్తటి వెలుతురు ఏ స్టూడియోలోనూ రాదు. ఈ ఊరేగింపుకు ముందు నడవండి, వెనక్కి నడుస్తూ తీయండి. వెనక ఎవరైనా ఒక మనిషి మీ నడుము పట్టుకొని దారి చెబితే గుంటలో పడరు.

ఇంటికి చేరగానే కెమెరా తీయవద్దు. ముందు చాయ్ తాగండి. పిల్లలతో మాట్లాడండి. ఒక అరగంటపాటు కెమెరా మెడలో వేలాడనివ్వండి. మొదట అందరూ మీ వైపు చూసి కొంగు సర్దుకుంటారు. "అవ్వా, నువ్వు నీ పని చూసుకో, నా దిక్కు చూడకు" అని ఒకసారి చెప్పండి, రెండోసారి చెప్పకండి. మెల్లగా మిమ్మల్ని మరిచిపోతారు. అప్పుడు మొదలుపెట్టండి.

పచ్చటి కొమ్మల పందిరి కింద ముఖాలు ఆకుపచ్చగా వస్తాయి. ఎరుపు, పసుపు టెంట్ గుడ్డ కింద నారింజ రంగులో వస్తాయి. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫ్రేముకూ మాట మారుస్తుంది. అందుకని రా ఫైల్స్‌లో (కెమెరా పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైళ్ళు) తీయండి. ప్రతి చోటా ఒక తెల్లటి వస్తువు, ఒక పంచె గానీ టవల్ గానీ, ఒక ఫోటో తీసి పెట్టుకుంటే ఆ లెక్కన తర్వాత రంగులు సరిచేయవచ్చు. సున్నం కొట్టిన గోడ ఉంటే దాని ముందు జరిగేది వదలకండి, ఎండ ఆ గోడకు తగిలి ముఖాల మీదికి తిరిగి వస్తుంది. మహబూబ్‌నగర్ వైపు పాత బండల ఇళ్ళలో లోపల చీకటి ఎక్కువ. తలుపు దగ్గర పడే వెలుతురు నమ్ముకోండి, ఫ్లాష్ వేయకండి.

మంగళస్నానాలు, మైలపోలు దగ్గర ఒక హద్దు గుర్తుపెట్టుకోండి. తడిసిన పిల్లను ఎలా తీస్తే రేపు ఆమె తన మామగారి ముందు ఆల్బమ్ తెరవగలదో అలాగే తీయండి. ముఖం, చేతులు, నీళ్ళు పోసేవాళ్ళ నవ్వులు తీయండి. అంతకు మించి వద్దు.

6. ఎదుర్కోళ్ళు, లగ్గం

రెండు వైపులవాళ్ళు ఎదురుపడే ఎదుర్కోళ్ళ దగ్గర బుక్కగులాల్ (రంగు పొడి) లేస్తుంది. లెన్స్ మార్చేది అంతకు ముందే మార్చుకోండి, అక్కడ మార్చితే పొడి సెన్సార్ మీదికి పోతుంది. కెమెరాకు ఒక ప్లాస్టిక్ కవర్ తొడగండి. వియ్యంకులు ఇద్దరూ ఒకరికొకరు గులాల్ పూసి కౌగిలించుకునే క్షణం ఒక్కటే ఉంటుంది, మీకు వాళ్ళ ఇద్దరి ముఖాలూ తెలియాలంటే రెండో అడుగులో రాసుకున్న నోట్‌బుక్ కావాలి.

లగ్గం దగ్గర ఎక్కడ నిలబడాలో అరగంట ముందే తేల్చుకోండి. తెర పట్టుకున్నప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకేసారి కనిపించేది తెరకు పక్క నుంచే. ముందు నుంచి గుడ్డ తప్ప ఏమీ కనపడదు. మోకాళ్ళ మీద కూర్చోండి, వెనకవాళ్ళకు అడ్డం రారు. మంగళాష్టకాలు చివరికి వస్తున్నాయని గొంతు బట్టి తెలుస్తుంది, మేళం వాళ్ళు వాయిద్యాలు ఎత్తుకుంటారు. అప్పుడు కెమెరా కంటికి ఆనించి దించకండి. తెర దిగాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే సమయం ఒక రెప్పపాటు. ఆ వెంటనే అక్షింతల వాన. వెనక నుంచి విసిరేవన్నీ లెన్స్ మీదే పడతాయి, హుడ్ పెట్టుకొని ఉండండి. పసుపు అంటితే బ్లోయర్‌తో ఊదిన తర్వాతే గుడ్డతో తుడవండి.

పసుపు అద్దిన తెల్ల చీరలో ఉన్న పిల్ల పక్కన వీడియో లైటు పడితే చీర కాలిపోయినట్టు తెల్లగా వస్తుంది. ఎక్స్‌పోజర్ చీరకు చూసుకోండి, ముఖం కాస్త చీకటి అయినా తర్వాత లేపవచ్చు. గద్వాల చీర కట్టిన పెద్దవాళ్ళ దగ్గరా ఇదే. ఒళ్ళు నూలు, అంచు పట్టు, జరీ. ఎదురుగా ఫ్లాష్ కొడితే అంచు మెరిసిపోయి మిగతాదంతా చచ్చిపోతుంది.

పుస్తె కట్టేముందు పళ్ళెంలో పెట్టి పెద్దలందరికీ చూపిస్తారు. దాన్ని చాలామంది తీయరు. ఆ పళ్ళెం వెంట పోండి. ఒక్కొక్కరు చేయి తాకించి కళ్ళకు అద్దుకుంటారు, ముసలి చేతులు, గాజుల చేతులు, పొలం పని చేసిన చేతులు. ఆ తర్వాత వెంటనే మండపానికి రండి. మూడు ముళ్ళ దగ్గర ఎఫ్ 4 పెట్టండి, ఎఫ్ 1.8లో పుస్తె స్పష్టంగా ఉండి ఆడబిడ్డ వేళ్ళు మసకబారతాయి. తలంబ్రాలకు 1/250 చాలు, బియ్యం గాలిలో కొద్దిగా సాగినట్టు వస్తేనే ఊపు తెలుస్తుంది.

ఫంక్షన్ హాల్లో ఇంకో తంటా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి కనపడదు, ఫోటోలో చారలు పడతాయి. షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెడితే చాలావరకు పోతాయి. సైలెంట్ షట్టర్ శబ్దం చేయదు కానీ చారలు దానితోనే ఎక్కువ వస్తాయి, హాల్లో మెకానికల్ షట్టరే వాడండి. స్టేజి వెనక ఎల్ఈడీ తెర ఉంటే దాని లెక్క వేరు. ముందే పరీక్ష ఫోటోలు తీసి ఏ స్పీడ్‌లో శుభ్రంగా వస్తుందో చూసుకోండి.

వీడియో అన్నతో గొడవ పెట్టుకోకండి. ఆయన లైటు లేకుండా ఆయనకు పని లేదు. పొద్దున్నే పోయి, "అన్నా, లగ్గం టైమ్‌కు మీరు కుడి పక్క ఉంటే నేను ఎడమ పక్క ఉంటాను, మీ ఫ్రేములోకి రాను" అని చెప్పండి. ఆయన లైటుకు ఎదురు పక్క నిలబడితే అదే మీకు అంచు వెలుతురు అవుతుంది. నాకు బాగా నచ్చిన లగ్గం ఫోటోలు కొన్ని వీడియో లైటు పుణ్యమే.

7. విందు, కట్నాలు, బరాత్

లగ్గం అయ్యాక చాలామంది ఫోటోగ్రాఫర్లు స్టేజికి అతుక్కుపోతారు. మీరు భోజనాల బంతి దగ్గరికి వెళ్ళండి. వడ్డించేవాళ్ళ పరుగు, చిన్న పిల్లాడికి అన్నం కలిపి పెట్టే తాత, మటన్ కూర అయిపోతుందేమోనని వంటల దగ్గర నిలబడ్డ పిల్ల తండ్రి టెన్షన్ తీయండి. నోట్లో ముద్ద పెట్టుకునేటప్పుడు మాత్రం ఎవరినీ తీయకండి.

కట్నాలు రాసే బల్ల దగ్గర పుస్తకం పట్టుకున్న మనిషిని, నోట్లు లెక్కపెట్టే చేతులను తీయవచ్చు. ఎవరు ఎంత రాయించారో అంకెలు కనపడకుండా తీయండి.

బరాత్‌లో ఫ్లాష్ తప్పదు. షట్టర్ 1/15 దగ్గర పెట్టి, ఫ్లాష్ తక్కువ పవర్‌లో కొడితే ముఖం స్పష్టంగా నిలిచి వెనక డీజే లైట్లు సాగుతాయి. డాన్స్ చేసేవాళ్ళ మధ్యలోకి వెళ్ళండి. తాగి ఉన్నవాళ్ళను వదిలేయండి.

8. అప్పగింతలు

పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు ఇల్లంతా ఏడుస్తుంది. ఇక్కడ దగ్గరికి పోకండి. 85 తీసుకొని వెనక్కి రండి, ఫ్లాష్ తీసేయండి, కొన్ని ఫ్రేములు చాలు. తల్లి మీ వైపు చూసి ముఖం తిప్పుకుంటే కెమెరా దించేయండి. పిల్ల తండ్రి చాలాసార్లు అక్కడ ఉండడు. కారు దగ్గర సామాను సర్దుతున్నట్టు, డ్రైవర్‌తో మాట్లాడుతున్నట్టు తిరుగుతుంటాడు. ఆయన ఎక్కడున్నాడో చూడండి.

కారు కదిలాక వెంటనే సంచి సర్దకండి. ఖాళీ అయిన పందిరి కింద అప్పుడు జరిగేవి కూడా పెళ్ళిలో భాగమే. తర్వాత పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోసే రోజుకు కూడా రమ్మంటే, దూరం కాకపోతే, వెళ్ళండి. ఏడ్చి వెళ్ళిన పిల్ల ఆ రోజు నవ్వుతూ కనపడుతుంది.

9. ఇంటికి వచ్చాక

ఎంత అలసిపోయినా కార్డులు కాపీ చేయకుండా పడుకోవద్దు. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో చూసి, ఆ తర్వాత కూడా ఆల్బమ్ సెలెక్షన్ అయ్యేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి. 24 మెగాపిక్సెల్ రా ఫైలు ఒకటి దాదాపు 25 ఎంబీ. మూడు వేలు తీస్తే 75 జీబీ. సీజన్ మొదలయ్యే ముందే ఆ లెక్కన డిస్కులు కొనుక్కోండి.

మొదటి వారంలోనే ఒక చిన్న పని చేయండి. జంట ముఖాలు స్పష్టంగా కనిపించే, పుస్తె కనపడే ఫోటో ఒకటి స్టేజి ఫోటోల నుంచి తీసి, ప్రింట్ వేసి పిల్ల తరఫువాళ్ళకు ఇవ్వండి. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద ఆడపిల్ల పెళ్ళికి ప్రభుత్వం ఇచ్చే 1,00,116 రూపాయల దరఖాస్తుకు పెళ్ళి ఫోటో అడుగుతారు. ఆల్బమ్ కోసం వాళ్ళను నెలలు ఆపకండి. దీనికి డబ్బు తీసుకోకండి.

ఏరేటప్పుడు కఠినంగా ఉండండి. ఒకే క్షణానికి ఒకే ఫోటో. ఐదారు వందలు మించి ఇస్తే ఎవరూ చివరిదాకా చూడరు. చర్మం నునుపు చేసే ఎడిటింగ్ వద్దు. పొలానికి పోయి నల్లబడ్డ తల్లిని తెల్లగా చేస్తే ఆమె ఆమెలా ఉండదు. రంగులు మన కంటికి కనిపించినట్టు ఉంచండి, పసుపు పసుపులాగే ఉండాలి.

ఆల్బమ్ డిజైన్ మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కరిజ్మా ఆల్బమ్‌లో ఒక షీట్ మీద పది ఫోటోలు కుక్కి, వెనక పూలు, గుండె బొమ్మలు, మబ్బులు పెడతారు. మీ పద్ధతికి అది సరిపడదు. షీట్‌కు ఒకటి, రెండు, మహా అయితే మూడు ఫోటోలు. వెనక తెలుపు. జరిగిన క్రమంలోనే పెట్టండి. డిజైనర్‌కు ఇది ముందే రాసి ఇవ్వండి, లేకపోతే అలవాటు కొద్దీ పూలు వస్తాయి.

సెలెక్షన్‌కు కూర్చున్నప్పుడు ప్రతి ఫోటోలో ఉన్నవాళ్ళ పేరు, ఊరు, వరస అడిగి ఫైలులోనే రాసిపెట్టండి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దానికి గడి ఉంటుంది, తెలుగులోనే రాయవచ్చు. వాళ్ళకిచ్చే పెన్‌డ్రైవ్‌లో కూడా ఆ పేర్లు వెళ్తాయి.

ఆషాఢం, పుష్యం, మూఢాలు వచ్చినప్పుడు పెళ్ళిళ్ళు ఉండవు. ఆ రోజుల్లో కెమెరాలు సర్వీసింగ్‌కు ఇవ్వండి, మిగిలిన ఆల్బమ్‌లు పూర్తి చేయండి, ఫోటోలు చూడండి. తెలంగాణ పల్లెను, బతుకమ్మను ఏళ్ళ తరబడి తీసిన భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు, ఆయన ఫోటోలు దొరికినన్ని చూడండి. మనుషులు ఎవరూ పోజు ఇవ్వకుండా ఎలా నిండుగా ఉంటారో వాటిలో తెలుస్తుంది. ఊళ్ళో జాతరకు, సంతకు చిన్న లెన్స్ ఒక్కటే పట్టుకొని వెళ్ళి మనుషుల మధ్య నిలబడడం అలవాటు చేసుకోండి. పాత పెళ్ళిళ్ళ హార్డ్ డిస్కులు కూడా అప్పుడే ఒకసారి కంప్యూటర్‌కు పెట్టి చూడండి, ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉన్న డిస్కు చెప్పకుండా పాడవుతుంది. రెండు డిస్కులూ ఒకే ఇంట్లో ఉంచకండి, ఒకటి స్టూడియోలో ఉంటే ఇంకోటి మీ ఇంట్లో ఉండాలి.